పరాయి ముఖం లేని గొంతు

(ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం స్మారకోపన్యాసం పాఠం, లాల్‌గడి మలక్‌పేట్, శామీర్‌పేట మండలం)

బాలు గారి పేరిట పెట్టిన సభలో బాలు గారి పాటల గురించి మాట్లాడటం రివాజు. ఈ సాయంత్రం నేను ఆ రివాజు తప్పుతున్నాను. ఆయన నడిచిన దారికి సరిగ్గా ఎదురు దిక్కున నిలబడిన ఒక క్యాసెట్‌ను ఎంచుకున్నాను. 1999 జులై 15న విడుదలైన ‘తమ్ముడు’ సినిమా పాటలవి. సంగీతం రమణ గోగుల. (ఈ మధ్య అదే పేరుతో ఇంకో సినిమా కూడా వచ్చింది, దాని సంగతి కాదు.) ఇరవై అయిదేళ్లు దాటాక ఆ పాటలు మళ్లీ వింటే, అవి పవన్ కల్యాణ్ సినిమా పాటలుగా కన్నా తెలుగులో రాక్ సంగీతం ఎక్కడిదాకా రాగలిగిందో, ఎక్కడ ఆగిపోయిందో చూపించే సాక్ష్యంగా కనిపిస్తాయి. రాక్ అనగానే గిటారు మోత, పొడుగు జుట్టు, తోలు చొక్కా గుర్తుకొస్తాయి. అవన్నీ పై వేషాలు. పాడేవాడు తన గొంతును ఇంకొకరి ముఖానికి అప్పగించకుండా తన పేరు మీదే ఉంచుకోవడం దాని అసలు లక్షణం అని నా అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే తెలుగు సినిమా క్యాసెట్‌లో రాక్ ఒకసారి పుట్టింది. ఆ మాట రుజువు చేయడానికి బాలు గారి కన్నా మంచి కొలబద్ద దొరకదు కాబట్టి, ఆయన సభలోనే ఇది చెప్పడం సబబు అనుకుంటున్నాను.

నేపథ్య గానం అనే కళలో బాలు గారు సాధించినదేమిటో ముందు స్పష్టంగా చెప్పుకుందాం. 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం సంగీత దర్శకుడు కోదండపాణి గారి దగ్గర తొలి పాట పాడిన ఆ కుర్రవాడు, తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఎవరి కోసం పాడితే వారై పోయాడు. ఎన్టీఆర్‌కు పాడితే ఎన్టీఆర్ గొంతు, కృష్ణకు పాడితే కృష్ణ గొంతు. అల్లు రామలింగయ్య కోసం ‘ముత్యాలూ వస్తావా’ పాడితే థియేటర్లో జనం అల్లు గారే పాడారనుకున్నారు. డబ్బింగ్‌లో అయితే ఇంకా చెప్పనక్కర్లేదు. కమల్ హాసన్ తెలుగు గొంతు ఆయనదే. ‘దశావతారం’లో కమల్ కట్టిన పది వేషాల్లో ఏడింటికి, ఆడవేషంతో సహా, ఆయనే మాట ఇచ్చారు. ఇది కేవలం అనుకరణ విద్య అనుకుంటే పొరపాటు. తెర మీది మనిషి పెదవి ఎలా కదులుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, నవ్వితే ఏ పక్కకు నవ్వుతాడో ముందే లెక్కగట్టి, తన సొంత గొంతును ఆ కొలతలకు కత్తిరించి కుట్టేవారు. అంటే ఆయన గొప్పతనమంతా మాయమవడంలో ఉంది. అంతగా మాయమైనా పాట విన్నవెంటనే ‘బాలు’ అని గుర్తుపట్టగలగడం ఆయన ఒక్కడికే చెల్లిన చిత్రం. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి తెలుగిళ్లల్లో గొంతును తూచే తూకం కూడా ఆయనదే అయింది. శ్రుతి, లయ, ఉచ్చారణ, భావం. వత్తులు పలకని పిల్లవాడిని ఆయన ఎంత ముద్దుగా మందలించేవారో చూడని ఇల్లు లేదు.

ఆ తూకం మన చెవుల్లో స్థిరపడిన మూడేళ్లకు ‘తమ్ముడు’ వచ్చింది. రమణ గోగుల విశాఖ మనిషి, ఇంజినీరు, ‘మిస్టీ రిథమ్స్’ అనే బ్యాండ్ నడిపినవాడు. సినిమాల్లోకి రాకముందే ‘ఏ లైలా’ అనే పాప్ ఆల్బమ్ చేశాడు. 1998లో వెంకటేశ్, ప్రీతి జింతా నటించిన ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమా సంగీతం మొదలుపెట్టాడు. ఆయన గొంతు గరుకుగా ఉంటుంది. మంద్రంలో బొంగురుగా, పై స్థాయికి వెళ్తే అంచు చిరిగినట్టుగా ఉంటుంది. స్వరాన్ని నేరుగా పట్టుకోకుండా కింద నుంచి జారి అందుకుంటుంది. మాట చివర గాలి వదిలేస్తుంది. ‘పాడుతా తీయగా’ వేదిక మీద ఆ గొంతు మొదటి వడపోతలోనే ఆగిపోయేది. అయినా ఆయన ఆ గొంతును సరిదిద్దుకునే ప్రయత్నం చేయలేదు. ఇంకో మంచి గాయకుడికి పాట అప్పజెప్పి తాను వెనక్కి తగ్గనూ లేదు. ప్రపంచంలో రాక్ సంగీతం నిలబడ్డది ఈ మొండితనం మీదే. బాబ్ డిలన్ గొంతు బాగోదని చెప్పినవాళ్లందరూ నిజమే చెప్పారు. ఆయన పాటలకు 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చిన వాళ్లు కూడా ఆ గొంతు బాగుందని అనలేదు. మన దేశంలో ఆర్డీ బర్మన్ ‘షోలే’లో ‘మెహబూబా మెహబూబా’ పాటను తానే పాడినప్పుడు చేసింది కూడా ఇదే జాతి పని. కిశోర్ కుమార్ లాంటి గాయకుడు ఉండగానే ఆ పాటను బర్మన్ తన కరకు గొంతుతో పాడాడు. (స్వరకర్త స్వయంగా పాడటం మనకు కొత్త కాదుగా, ఘంటసాల లేరా అని అడగవచ్చు. ఉన్నారు. కానీ ఘంటసాల గారి గొంతే ఆనాటి ప్రమాణం. ప్రమాణాన్ని పక్కకు నెట్టి పాడే అవసరం ఆయనకు రాలేదు.)

ఇక ‘తమ్ముడు’లో ఒక పాటను దగ్గరగా చూద్దాం. ‘ట్రావెలింగ్ సోల్జర్’ అని అందరూ పిలుచుకునే ఆ ఇంగ్లిష్ పాట. కథలో అన్న దెబ్బతిని మంచం పట్టాక, అప్పటిదాకా జులాయిగా తిరిగిన తమ్ముడు కిక్‌బాక్సింగ్ పోటీకి సిద్ధమయ్యే ఘట్టం. తెర మీద పవన్ కల్యాణ్ సాధన చేస్తుంటాడు, చేతివేళ్ల మీదుగా కార్లు వెళ్తుంటాయి. ఆ ఫీట్ల గురించి అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాట గురించి ఆలోచించేవాడికి మాత్రం అక్కడ చూడవలసింది ఇంకొకటి ఉంది. ఆ నిమిషాల్లో పెదవి కదిపే మనిషి లేడు. హీరో పాడటం లేదు, నాయిక పాడటం లేదు, గుంపు పాడటం లేదు. గొంతు ఎవరి ముఖానికీ అతుక్కోలేదు. తెలుగు సినిమాలో నేపథ్య గీతాలు అంతకు ముందు ఎన్నో ఉన్నాయి, కానీ వాటిలో చాలావరకు విధి గురించో, దేవుడి గురించో, లోకం పోకడ గురించో మూడో మనిషి చెప్పే మాటలు. ఇక్కడ పాట ‘నేను’ అనే మొదటి మనిషి మాటగా నడుస్తుంది. ఆ ‘నేను’ తెర మీది తమ్ముడి పాత్ర సుబ్బుకు సరిపోతుంది, కానీ గొంతు సుబ్బుది కాదని వినేవాడికి ఖాయంగా తెలుసు. పవన్ కల్యాణ్ అప్పటి పాత్రకు ఆ పెద్దరికపు బొంగురు అసలు నప్పదు. పాడినవాడు తానుగానే మిగిలిపోయాడు. హీరో దేహం, గాయకుడి స్వరం పక్కపక్కనే నడిచాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. బాలు గారు కట్టిన నేపథ్య గాన భవనంలో ఇది ఒక పగులు. ఆ పగులులోంచే రాక్ లోపలికి వచ్చిందని నేనంటాను.

దీని మీద మొదటి ఆక్షేపణ మీ ముఖాల్లోనే కనపడుతోంది. ఆ పాటలు హీరో వల్ల ఆడాయి, పవన్ కల్యాణ్ మీద ఉన్న మోజు వల్ల చెవికి ఇంపయ్యాయి, రాక్ గీక్ అంటూ దానికి పెద్ద పేర్లు ఎందుకు అని. అభిమానం పాత్ర లేదనను. ‘వయ్యారి భామా’ పాటలో గోగుల గొంతును పవన్ పెదవి మీద జనం హాయిగా ఒప్పుకున్నారంటే ఆ హీరో నడకలోని నిర్లక్ష్యం దానికి తోడ్పడింది. అక్కడ నా వాదన కొంత బలహీనపడుతుంది కూడా. కానీ హీరోను తీసేసి చూసే అవకాశం చరిత్రే మనకు ఇచ్చింది. 2001లో ఇదే దర్శకుడు అరుణ్ ప్రసాద్ ఈ కథను తమిళంలో విజయ్‌తో ‘బద్రి’గా తీశాడు. సంగీతం మళ్లీ రమణ గోగులదే. హీరో మారాడు, భాష మారింది, ఒక పాటను విజయ్ స్వయంగా పాడాడు. ‘ట్రావెలింగ్ సోల్జర్’ మాత్రం గోగుల గొంతుతోనే అక్కడికీ వెళ్లింది. ఇంకా ఆసక్తికరమైన సంగతి ‘పెదవి దాటని మాటొకటుంది’ పాటది. తెలుగులో దాన్ని గోగుల, సునీత పాడారు. తమిళంలో అదే బాణీలో సునీతతో పాటు పాడింది శ్రీనివాస్. ఆయన మెత్తని, శుభ్రమైన, ఎక్కడా ముడి పడని గాయకుడు. రెండింటినీ వెంటవెంటనే వినండి. తమిళంలో అది అందమైన మెలొడీ. తెలుగులో అదే వరస కొంచెం అసహనంతో, చెప్పలేని మాట నిజంగానే గొంతులో అడ్డుపడినట్టు వినిపిస్తుంది. సునీత గొంతు నీళ్లలా సాగుతుంటే దాని పక్కన ఈయన గొంతు గులకరాయిలా తగులుతూ పోతుంది. బాణీ ఒకటే, వాద్యాల అమరిక ఇంచుమించు ఒకటే. కాబట్టి తేడా చేసింది గొంతు. హీరో కాదు.

రెండో ఆక్షేపణ సంగీతం బాగా తెలిసినవాళ్లది. సన్నివేశం చెప్పి రాయించిన పాటలు, నిర్మాత కోసం కట్టిన పాటలు, అవి ఆల్బమ్ ఎలా అవుతాయి, రాక్ ఆల్బమ్ అంటే బ్యాండ్ తన మనసులోది తాను చెప్పుకునేది కదా అంటారు. ఈ పవిత్రత రాక్ పుట్టిన చోట కూడా లేదు. బీటిల్స్ 1964లో విడుదల చేసిన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ మొదటి వైపు పాటలన్నీ అదే పేరుగల సినిమావి. పింక్ ఫ్లాయిడ్ 1972లో చేసిన ‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ బార్బె ష్రోడర్ తీసిన ఫ్రెంచి సినిమా కోసం చేసిన సంగీతం. సినిమా కోసం చేసినంత మాత్రాన అవి తక్కువైపోలేదు. పైగా తెలుగులో తొంభైలలో పాట వినే మనిషికి ఆల్బమ్ అంటే సినిమా క్యాసెట్టే. సినిమా విడుదలకు ముందే అది మార్కెట్లోకి వచ్చేది, సినిమా పోయినా అది బతికేది. ఇళ్లల్లో, ఆటోల్లో, ఆర్టీసీ బస్సు డ్రైవరు పక్కన, టీ బడ్డీల్లో కథతో పనిలేకుండా తిరిగేది. కథ తెలియకుండా పాటను ఎన్నిసార్లు విన్నామో లెక్క వేసుకుంటే, అవి సన్నివేశం పాటలు అన్న మాటకు బలం ఉండదు.

గొంతు సాధన లేనిదన్న విమర్శ ఇంకొకటి ఉంది, దీన్ని త్వరగా ముగిస్తాను. బాలు గారికి కూడా శాస్త్రీయ సంగీతంలో పద్ధతైన శిక్షణ లేదు. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువు సగంలో వదిలిన మనిషి ఆయన. ‘శంకరాభరణం’ పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. కాబట్టి గురువు దగ్గర కూర్చున్నాడా లేదా అన్నది ఇద్దరి మధ్య గీత కాదు. ఇద్దరూ విని నేర్చుకున్నవాళ్లే. ఒకాయన విన్నదాన్నంతా తనలో కరిగించుకుని ఎవరికి కావలసిన రూపం వారికి ఇచ్చాడు. రెండో ఆయన తనకు చేతనైన ఒక్క రూపాన్నే పట్టుకుని కూర్చున్నాడు. మొదటిది నిస్సందేహంగా గొప్ప కళ. రెండోది చిన్న కళ. చిన్నదే అయినా వేరే పని చేస్తుంది, మొదటిది చేయలేని పని చేస్తుంది.

నాకు నిజంగా ఇబ్బంది కలిగించే ఆక్షేపణ వీటిలో ఏదీ కాదు. క్యాసెట్‌లో అన్నిటికన్నా రాక్ అనిపించుకునే పాట ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగు రాక్ గురించి మాట్లాడుతూ ఇంగ్లిష్ పాటను సాక్ష్యంగా చూపడం ఏం న్యాయం? ఈ ప్రశ్నను దాటేయడానికి లేదు. కారణంగా కొందరు భాష స్వభావాన్ని చెబుతారు. తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, రాక్ డ్రమ్ము దెబ్బకు హల్లుతో తెగే మాటలు కావాలి, కాబట్టి పొసగదు అంటారు. వినడానికి శాస్త్రంలా ఉంటుంది, కానీ నిలవదు. తెలుగులో దెబ్బ మాట చివర ఉండదు, మధ్యలో ఉంటుంది. ద్విత్వాక్షరాల్లో ఉంటుంది. చెట్టు, గట్టు, రొట్టె, మొక్క, దెబ్బ అని ఒకసారి గట్టిగా పలికి చూడండి. డప్పు మీద సిర్ర, చిటికెన పుల్ల కలిసి పడ్డట్టే ఉంటుంది. బోనాలప్పుడు ఫలహారం బండి ముందు తీన్‌మార్ కొట్టే కుర్రవాళ్లు ఏ వ్యాకరణమూ చదవకుండానే ఈ సంగతి వాడుకుంటున్నారు. ఇక్కడికి కొద్ది దూరంలోని అల్వాల్‌లో ఉండి పాడిన గద్దర్ గొంతు వేల మందిని లేపి నిలబెట్టింది ఈ దెబ్బ పట్టుకునే. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో పద్యం కవాతు చేసింది కూడా ఈ దెబ్బ మీదే. భాషలో లోపం లేదు.

‘తమ్ముడు’ సినిమాలోనే దానికి రుజువు ఉంది. పవన్ కల్యాణ్ తన సొంత గొంతుతో పాడిన రెండు జానపద తునకలు అందులో ఉన్నాయి, ‘ఏం పిల్లా మాటాడవా’ అని ఒకటి, ‘తాటిచెట్టెక్కలేవు’ అని ఇంకొకటి. నేపథ్య గాయకుడు లేడు. శ్రుతి గురించి పట్టింపు లేదు. హీరో తన మామూలు గొంతుతో, స్నేహితుల మధ్య ఆటపట్టిస్తూ పాడాడు. రెండో తునకలో ఆ ‘ట్టె’, ‘క్క’ల మీద పడే దెబ్బ వినండి, ఏ డ్రమ్మూ అక్కర్లేదు. అంటే ఒకే సినిమాలో ఇద్దరు మనుషులు పరాయి ముఖం, పరాయి గొంతు అనే బేరం లేకుండా పాడారు. ఒకరు ఇంగ్లిష్‌లో గిటారుతో, ఇంకొకరు తెలుగులో చప్పట్లతో. ఈ రెండూ ఒకటి కావాల్సింది. కాలేదు. ఇంగ్లిష్ పాటకు ఆవేశం, వీరత్వం దక్కాయి. తెలుగు తునకలకు హాస్యం దక్కింది. మన భాషను అల్లరికి, సరసానికి సరిపెట్టి, గంభీరమైన పౌరుషానికి ఇంగ్లిష్‌ను పిలుచుకోవడం ఆ ఆల్బమ్ అసలు లోపం. ఆ తప్పు గోగుల ఒక్కడిది కాదు. 1999లో ‘మేడిన్ ఆంధ్ర స్టూడెంట్’ అని తెలుగు కుర్రాడు గర్వపడాలంటే కూడా మొదటి మాట ఇంగ్లిష్‌లోనే రావలసి వచ్చింది మరి.

ఇన్నేళ్లకు మళ్లీ వింటే పాతబడినవేమిటి, నిలిచినవేమిటి అన్నది వేరే చెప్పాలి. గిటారు నాదం పాతబడింది. డ్రమ్ముల శబ్దంలో ఆనాటి కీబోర్డుల పేలవత్వం ఉంది. కొన్ని చరణాల్లో మాటలు బాణీని నింపడానికి తప్ప ఎందుకూ రావు. 2003లో పవన్, గోగుల జంటే చేసిన ‘జానీ’లో రాక్ ఆర్భాటం ఇంకా ఎక్కువ, కానీ అది ఆర్భాటంగానే వినిపిస్తుంది. 2000లో వచ్చిన వాళ్ల తెలుగు ‘బద్రి’లో (పైన చెప్పిన తమిళ సినిమా కాదు) ఊపు బాగుంది, ఈ పగులు లేదు. నిలిచినది గొంతు. ఇది పాత జ్ఞాపకాల మీద ప్రేమతో చెప్పే మాట అనుకునేవారికి 2024 డిసెంబరు గుర్తు చేస్తాను. చాలా ఏళ్లు సినిమాలకు దూరంగా ఉన్న రమణ గోగుల, భీమ్స్ సంగీతంలో ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా కోసం ‘గోదారి గట్టు మీద’ పాట పాడాడు. అది రాక్ కాదు, సాదాసీదా జానపద వరస. సినిమా రాకముందే, తెర మీద వెంకటేశ్ ముఖం చూడకముందే జనం మొదటి పంక్తికే ఆ గొంతును గుర్తుపట్టారు. పాటకు ప్రచారం జరిగిన తీరే అది, ఫలానా మనిషి మళ్లీ పాడాడు అని. ‘తమ్ముడు’ వచ్చినప్పటికి పుట్టని పిల్లలు కూడా ఊరేగింపుల్లో ఆ పాటకు ఆడారు. వాళ్లకు ఏ పాత జ్ఞాపకం ఉంది? ఇంకొక సంగతి. ఆ పాటలో ఆయనతో కలిసి పాడింది మధుప్రియ, తెలంగాణ పల్లెపాటతో చిన్నతనంలోనే పేరు తెచ్చుకున్న అమ్మాయి. 1999లో పక్కపక్కనే ఉండి కలవని రెండు ముక్కలు, ఆ గరుకు గొంతూ పల్లెపాటా, పాతికేళ్ల తర్వాత ఒక పాటలో కలిశాయి. కాకపోతే అప్పటికి గిటారు దిగిపోయింది, గొంతు మళ్లీ హీరో ముఖానికి చేరింది.

వేరే భాషల్లో రాక్ కథ మరోలా జరిగింది. కలకత్తాలో ‘మొహీనేర్ ఘొరాగులి’ డెబ్బైలలోనే బెంగాలీలో రాక్ పాడింది. కేరళలో ‘అవియల్’ 2008లో మలయాళ ఆల్బమ్ తెచ్చింది, బెంగళూరు నుంచి రఘు దీక్షిత్ అదే ఏడు కన్నడ పాటతో బయటికొచ్చాడు. వాళ్లకూ సినిమా ఉంది, సినిమాకు బయట వినే చెవీ ఉంది. మనకు ఆ చెవి తయారు కాలేదు. హైదరాబాద్ నుంచి ‘చౌరస్తా’ బ్యాండ్ 2018 ప్రాంతంలో ‘ఊరెళ్లిపోతా మామా’ అని పాడినప్పుడు, ‘తమ్ముడు’లో కలవనివి నిజంగా కలిశాయి. తెలుగు మాట, పల్లె దుఃఖం, బ్యాండ్ లయ, పాడేవాడి సొంత పేరు, అన్నీ ఒకచోటికి వచ్చాయి. వినేవాళ్లు లక్షల్లో వచ్చారు. తర్వాత ఏమైంది? ఆ బ్యాండ్ గాయకుడు రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడాడు, 2022లో ‘డీజే టిల్లు’ పాట చేశాడు. బాగా చేశాడు, ఆయన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పాట మీద బతకాలనుకునేవాడికి తెలుగునాట సినిమా తప్ప వేరే జీతం లేదు. గోగులను మింగిన నోరే అది.

ఈ లాల్‌గడి మలక్‌పేట్ చుట్టూ చూడండి. ఒక పక్క జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, ఇంకో పక్క 2008 నుంచి నడుస్తున్న బిట్స్ క్యాంపస్, శామీర్‌పేట చెరువు దాటితే నల్సార్. ఆ క్యాంపస్‌ల ఉత్సవాల్లో రాక్ అంటే ఇంగ్లిష్, మహా అయితే హిందీ. మన ఊరి పెళ్లి బరాత్‌లో, గణపతి నిమజ్జనంలో డీజే పెట్టెల్లో మోగేది సినిమా పాట. రెండు చోట్లా పిల్లలు తెలుగువాళ్లే, రెండు చోట్లా సొంత తెలుగు పాటకు చోటు లేదు. ఈ ఊరి పెద్దలను, ఆ క్యాంపస్‌లు నడిపేవాళ్లను నేను కోరేది చిన్నది. వచ్చే బోనాలకు డీజేకు ఇచ్చే డబ్బులో కొంత తగ్గించి, సొంతంగా తెలుగులో పాట కట్టుకుని సొంత గొంతుతో పాడే నలుగురు పిల్లలకు అరగంట వేదిక ఇవ్వండి. వాళ్ల శ్రుతి తప్పవచ్చు. తప్పినా ఆ అరగంట వాళ్లనే పాడనివ్వండి.